ఆకులు సరే, పువ్వేది? శరత్తుకు నేలసంపెంగ పూయించుకునే పద్ధతి

నేలసంపెంగ దుంపలు నాటారు. మొలకలొచ్చాయి, ఆకులు గుబురుగా పెరిగి కుండీ నిండిపోయింది. వానాకాలం వెళ్ళింది, దసరా వచ్చింది, దీపావళి కూడా దాటిపోయింది. పూలకాడ మాత్రం ఒక్కటీ రాలేదు. మీ పెరట్లోనో మిద్దెతోటలోనో ఇదే జరుగుతోందా? ఎండిపోయిన మొక్కకు కారణం వెతకడం తేలిక. నీళ్ళు చాలలేదనో, వేరు కుళ్ళిందనో తేల్చేస్తాం. పచ్చగా బతికుండి పూయని మొక్క దగ్గరే మనకు ఏమీ పాలుపోదు. పాలుపోక గుప్పెడు యూరియా చల్లుతాం. ఆకులు ఇంకాస్త నిగనిగలాడతాయి, పువ్వు ఇంకాస్త దూరమవుతుంది. చివరికి ‘మా మట్టికి ఇది సరిపడదు’ అనుకుని కుండీని ఓ మూలకు జరిపేస్తాం. అలా మూలన పడ్డ కుండీల్లో చాలావాటిని తిరిగి పూయించవచ్చు. దానికి మీరు చూడాల్సిన చోటు ఆకుల్లో లేదు, మట్టి లోపల ఉంది.

ముందు మొక్క ఏదో స్పష్టం చేసుకుందాం. గుడిమల్కాపూర్ పూలమార్కెట్లో కిలోల లెక్కన అమ్మే లిల్లీ పూలు, కల్యాణమండపం వేదిక మీద నిలువుగా గుచ్చే రజనీగంధ కాడలు, పెరట్లోని నేలసంపెంగ, ఇవన్నీ ఒకటే. పుట్టిల్లు మెక్సికో. తెల్లటి పువ్వు, పొడవాటి కాడ, పొద్దు వాలాక చిక్కబడే వాసన దీని గుర్తులు. మన మైదానాల్లో ఏడాది పొడవునా అక్కడో కాడ ఇక్కడో కాడ వస్తూనే ఉన్నా, వానలు పడ్డాక పుంజుకుని ఆశ్వయుజ, కార్తీకాల్లో నిండుగా పూస్తుంది. చలి ముదిరితే మందగిస్తుంది. ఎండ నలభై డిగ్రీలు దాటితే కాడ కురచవుతుంది, పువ్వు నాణ్యత పడిపోతుంది. ఇరవై నుంచి ముప్ఫై డిగ్రీల మధ్య వాతావరణం దీనికి హాయి. మన శరత్తు సరిగ్గా అలాంటిదే. పండుగలన్నీ వరుసకట్టే రోజుల్లో ఇంటి పువ్వు ఇంట్లోనే కోసుకునే వీలున్న మొక్క ఇది. అందుకే ఇది పూయకపోతే అంత వెలితిగా ఉంటుంది.

ఇక అసలు విషయానికి వద్దాం. నేలసంపెంగ పూయలేదంటే లోపం దాదాపు ఎప్పుడూ దుంపలోనే ఉంటుంది. ఎందుకంటే ఒక దుంప జీవితంలో ఒక్కసారే పూస్తుంది. వృక్షశాస్త్రజ్ఞులు ఈ మొక్కను ఇప్పుడు కిత్తనార జాతిలోనే చేర్చారు. చేల గట్ల మీద కిత్తనారను చూసినవాళ్ళకు తెలుసు, అది ఏళ్ళ తరబడి ఆకులు పెంచుకుని ఒక్కసారి నిలువెత్తు కాడ పెట్టి, పూసి, అంతటితో ఎండిపోతుంది. చుట్టూ పిలకలు మాత్రం మిగులుతాయి. నేలసంపెంగ ఇదే పనిని చిన్న కొలతలో, మన కళ్ళకు కనపడకుండా, మట్టి కింద చేస్తుంది. పూసిన దుంప పని అయిపోతుంది. దాని చుట్టూ పది, పదిహేను పిల్లదుంపలు పుడతాయి. పైకి చూస్తే అదే కుండీ, అదే గుబురు. లోపల మాత్రం తల్లి పోయి, పూసే వయసు రాని పిల్లలు ఇరుక్కుని ఉంటాయి. మీరు చూస్తున్న ఆకులన్నీ ఆ పిల్లలవే. కాడ పెట్టాలా వద్దా అన్నది గాదెలో గింజలు చూసుకుని పెళ్ళి ముహూర్తం పెట్టుకునే రైతు నిర్ణయం లాంటిది. గాదె నిండని దుంప ఆ ఏడాదికి ఆకులతో సరిపెట్టుకుంటుంది.

దీనికి పొలాల్లోనే సాక్ష్యం దొరుకుతుంది. లిల్లీ సాగు చేసే రైతులు ఒకసారి నాటిన తోటను రెండు మూడేళ్ళు ఉంచుతారు. మొదటి ఏడాది నాటిన దుంపకు ఒకటి రెండు కాడలే వస్తాయి. రెండో ఏడాది పిల్లదుంపలు కూడా అందుకోవడంతో దిగుబడి పెరుగుతుంది. ఆ తర్వాత కిక్కిరిసిపోయి కాడ పొట్టిదవుతుంది, పువ్వు చిన్నదవుతుంది, చివరికి తవ్వేసి మళ్ళీ నాటాల్సి వస్తుంది. ఎకరాల మీద జరిగేదే మీ పన్నెండంగుళాల కుండీలోనూ జరుగుతుంది, చోటు తక్కువ కనుక ఇంకాస్త తొందరగా. ‘పక్కింటావిడ ఏమీ చేయదు, అయినా గంపెడు పూలు పూస్తాయి, దానికేమంటారు?’ అని మీరు అడగవచ్చు. ఆవిడ మొక్క నేలలో ఉందేమో చూడండి. నేలలో పిల్లలు పక్కకు జరిగే చోటుంటుంది కాబట్టి కుండీ కంటే మరో ఏడాది ఎక్కువ లాగుతుంది. నాటి ఎన్నాళ్ళయిందో కూడా అడగండి. పెద్ద దుంపలు కొని నాటితే మొదటి ఏడు ఎవరింట్లోనైనా పూస్తాయి. అసలు పరీక్ష మూడో ఏడు.

కాబట్టి ఇక్కడి నుంచి చెప్పే ప్రతి పనికీ ఒకే కొలత పెట్టుకోండి. ఇది దుంపకు మేలు చేస్తుందా, చేయదా?

1. ముందు తవ్వి చూడండి

పూయని మొక్కకు మందు వేసేముందు రోగం చూడాలి కదా? వేసవి మొదట్లో, ఆకులు పండుబారుతున్నప్పుడు, రెండు మూడు వారాలు నీళ్ళు ఆపి కుండీని పాత గోనెపట్టా మీద బోర్లించండి. మట్టి దులిపితే ఒక ముద్ద బయటపడుతుంది. నడుమ వడలిపోయి, గోధుమరంగు తొక్కలా మిగిలినది నిరుడు పూసిన దుంప. దాన్ని అంటిపెట్టుకుని, అడుగున గుండ్రంగా ఉండి పైకి పోనుపోను సన్నబడేవి పిల్లలు. ముద్దను చేత్తో మెల్లగా విడదీయండి. కొన్ని వాటంతటవే ఊడివస్తాయి, గట్టిగా పట్టుకున్నవాటిని చాకుతో కోయాల్సి వస్తుంది. వేళ్ళ మీద చిన్నచిన్న బుడిపెలు ఉంటే నులిపురుగు పట్టిందని అర్థం. ఆ మట్టిని మళ్ళీ వాడకండి. అడుగుభాగం మెత్తబడి చెడువాసన వేస్తే అది కుళ్ళు, ఆ దుంప పారేయండి. ఇవేమీ లేకుండా అన్నీ గట్టిగా, తెల్లగా, చిటికెనవేలి లావున కనిపిస్తే మీ మొక్కకు ఏ జబ్బూ లేనట్టే. అది పూసే వయసుకు రాలేదు, అంతే. చాలామంది కుండీల్లో కనపడేది ఇదే. ఈ ఒక్క ఉదయం పనితో మీకు తెలిసేది ఏడాదంతా ఎరువులు మార్చి మార్చి చూసినా తెలియదు.

2. దుంపను కొలిచి తీసుకోండి

పూసే దుంప ఎంత ఉండాలి? అడ్డంగా రెండున్నర సెంటీమీటర్లు, అంతకు మించి ఉంటే మంచిది. పదిరూపాయల నాణెం అడ్డుకొలత దానికన్నా కొంచెమే ఎక్కువ కాబట్టి, దుంప కొనేటప్పుడు ఆ నాణెం పక్కన పెట్టి చూసుకోండి. నాణెమంత ఉన్నవాటిని పూలకుండీలకు కేటాయించండి. ఒకటిన్నర సెంటీమీటర్ల లోపువి నాటితే మొలుస్తాయి, పెరుగుతాయి, ఆ ఏడాది పూయవు. ఇక్కడే ఎక్కువమంది మోసపోతారు. మోసం చేసేది అమ్మేవాళ్ళే అని కూడా అనలేం. ‘కిలో ఎంత?’ అని అడిగేవాళ్ళే కానీ ‘ఎంత లావున్నాయి?’ అని అడిగేవాళ్ళు తక్కువ. కడియం నర్సరీల్లో కొన్నా, ఆన్‌లైన్‌లో తెప్పించినా, కొలత అడగండి. సంచిలో ఆకులు పెరిగిన మొక్కను కొనడం కంటే నిద్రలో ఉన్న దుంపను కొనడం నయం. ఆకుల కింద ఏముందో కనపడదు, దుంప చేతికి అందుతుంది, నొక్కి చూడవచ్చు. నొక్కితే ఉల్లిగడ్డలా గట్టిగా ఉండాలి, మెడ దగ్గర బూజు ఉండకూడదు.

రకం మాటకొస్తే ఒంటిరేకవి, ముద్దవి అని రెండు తరహాలు. ‘ముద్దపువ్వు నిండుగా ఉంటుంది కదా, అదే వేసుకుంటాం’ అంటారు చాలామంది. చూపుకైతే నిజమే. అయితే సువాసన కోసం పెంచేవాళ్ళకు ఒంటిరేకదే నా మొదటి సలహా. అత్తరు తయారీకి సుగంధం తీసేది ఒంటిరేక పూల నుంచే. ముద్దరకాల్లో పైమొగ్గలు చాలాసార్లు పూర్తిగా విచ్చుకోకుండానే వాడిపోతాయి కూడా. బెంగళూరు దగ్గర హెసరఘట్టలోని భారత ఉద్యాన పరిశోధన సంస్థ రూపొందించిన శృంగార్, ప్రజ్వల్ ఒంటిరేక రకాలు. శృంగార్ వేరుబుడిపె నులిపురుగును తట్టుకుంటుంది. ప్రజ్వల్ మొగ్గ మీద లేత గులాబీ ఛాయ ఉంటుంది, విచ్చుకున్నాక తెల్లబడుతుంది. అదే సంస్థ నుంచి వచ్చిన సువాసిని, వైభవ్ ముద్దరకాలు. ఇంట్లో నాలుగు కుండీలకు చోటుంటే మూడింట్లో ఒంటిరేకవి, ఒకదాంట్లో ముద్దవి వేయండి. పూజకు, తలలోకి, రాత్రి వాసనకు మొదటివి, ఫ్లవర్‌వాజులో అందానికి రెండోవి.

3. దుంపను పడుకోనివ్వండి

తవ్విన వెంటనే నాటితే ఏమవుతుంది? కొన్ని మొలుస్తాయి, కొన్ని నెలన్నర దాకా కదలవు, మొలిచినవి కూడా ఒక్కో తీరుగా పెరుగుతాయి. తవ్వి తీసిన దుంపకు నిద్రాకాలం ఉంటుంది. నాలుగు నుంచి ఆరు వారాలు నీడలో, గాలి తగిలే చోట, పలచగా పరిచి ఉంచితే ఆ నిద్ర తీరి అన్నీ ఒక్కసారిగా మొలుస్తాయి. మెట్ల కింద, వెదురుబుట్టలో, ఉల్లిపాయలు దాచేచోట ఉంచితే సరిపోతుంది. వారానికోసారి అటూ ఇటూ తిప్పండి, తేమ ఒకవైపే చేరితే అక్కడ కుళ్ళు మొదలవుతుంది. పాలిథిన్ కవర్లో కట్టి ఉంచడం, చల్లగా ఉంటుందని ఫ్రిజ్‌లో కూరగాయల అరలో పెట్టడం, రెండూ వద్దు. ఇది శ్రమ అనిపిస్తే గుర్తుంచుకోండి, ఏప్రిల్, మే నెలల్లో ఎండకు మాడుతూ ఆకులు కాపాడుకోవడానికి రోజూ నీళ్ళు పోసే శ్రమ కంటే దుంపను బుట్టలో పడుకోబెట్టడం చాలా తక్కువ పని.

4. పండుగ నుంచి వెనక్కి లెక్కపెట్టండి

దసరాకు పూలు కావాలంటే ఎప్పుడు నాటాలి? ‘వానలు పడ్డాక చూద్దాం’ అనుకునేవాళ్ళు సాధారణంగా జూలై చివర్లో నాటి కార్తీకంలో మొదటి కాడ చూస్తారు. నాటిన దుంప పూతకు రావడానికి ఎనభై నుంచి వంద రోజులు పడుతుంది. కుండీల్లో, మబ్బు పట్టిన వానాకాలంలో ఇంకో రెండు వారాలు అటూ ఇటూ అవుతుంది. అంటే దసరా అక్టోబరు మధ్యలో వచ్చే ఏడాదికి జూన్ రెండో వారం దాటకుండా నాటాలి. సెప్టెంబరు చివర్లోనే వచ్చే ఏడాదికి మే నెలాఖరుకే దుంప మట్టిలో ఉండాలి. క్యాలెండరులో పండుగ తేదీ చూసి అక్కడి నుంచి నాలుగు నెలలు వెనక్కి వెళ్ళండి, అదే మీ ముహూర్తం.

అన్నీ ఒకే రోజు నాటడం ఇంకో పొరపాటు. ఇరవై దుంపలు ఒకేరోజు నాటితే పదిరోజులు ఇల్లంతా పూలు, ఆ తర్వాత ఖాళీ. వాటిని మూడు భాగాలు చేసి రెండేసి వారాల తేడాతో నాటండి. మొదటి విడత బతుకమ్మ నాటికి, రెండోది దసరాకు, మూడోది దీపావళి దాటి కార్తీక సోమవారాల దాకా అందుతాయి. వాతావరణం ఒక వారం ముందువెనకలు చేసినా ఏదో ఒక విడత పండుగకు చేతికొస్తుంది.

నాటే తీరు చాలా సులువు. దుంప కొన పైకి ఉండేలా రెండంగుళాల లోతున పెట్టండి. లోతు ఎక్కువైతే మొలక ఆలస్యమవుతుంది. దుంపకూ దుంపకూ జానెడు ఎడం ఉండాలి. పన్నెండంగుళాల కుండీకి మూడు, మహా అయితే నాలుగు. కుండీ ఖాళీగా కనపడుతోందని పది గుచ్చేస్తే మూడో ఏడు రావాల్సిన ఇరుకును మొదటి ఏడే తెచ్చిపెట్టుకున్నట్టు. మట్టి ఎర్రమట్టి రెండు పాళ్ళు, బాగా మగ్గిన పశువుల ఎరువు ఒక పాలు, ఇసుక ఒక పాలు, పైన గుప్పెడు వేపపిండి. నేలలో వేసేవాళ్ళకు, అందులోనూ తెలంగాణ నల్లరేగడిలో వేసేవాళ్ళకు, ఎత్తుమడి తప్పనిసరి. జూలై, ఆగస్టు వానల్లో నీళ్ళు నిలిచిన మడిలో దుంప ఊపిరాడక కుళ్ళుతుంది.

5. ఎండలో రాజీపడకండి

ఆకు పచ్చగా ఉంది కాబట్టి ఎండ చాలుతోందని అనుకోవడం సహజం. నీడలోనూ నేలసంపెంగ ఆకు పచ్చగానే ఉంటుంది. మొక్క బతకడానికి కావాల్సిన వెలుగు వేరు, బతకగా మిగిలింది దుంపలో దాచుకోవడానికి కావాల్సిన వెలుగు వేరు. రోజుకు కనీసం ఆరుగంటల సూటి ఎండ పడే చోటు వెతకండి. అపార్ట్‌మెంటు బాల్కనీ ఉత్తరం వైపుంటే అక్కడ నేలసంపెంగ పూస్తుందని నేను చెప్పలేను. అలాంటి నీడపట్టుకు, తేమ ఆరని చోటుకు పసుపు మొక్కలా దుంపతో పెరిగే తెల్ల జింజర్ లిల్లీ మేలు. దానిదీ వానాకాలం చివరి నుంచి పూసే సువాసన పువ్వే. కానీ కోసి నీళ్ళలో పెడితే ఒకరోజుకే వాడిపోతుంది. వాజు కోసం పెంచేవాళ్ళకు అది పనికిరాదు.

ఎరువు దగ్గర చెప్పాల్సింది ఒక్కటే, యూరియా ఒక్కదాన్ని నమ్ముకోవద్దు. వాణిజ్య సాగుకు చేసే సిఫారసుల్లో సాధారణంగా కనిపించేది హెక్టారుకు నత్రజని, భాస్వరం, పొటాష్ మూడూ 200 కిలోల చొప్పున. ఆ అంకెలను మీ కుండీకి కుదించాల్సిన పనిలేదు, మూడూ సమానంగా ఉన్న సంగతి గమనించండి. యూరియాలో ఉన్నది నత్రజని ఒక్కటే, అది ఆకును పెంచుతుంది. దుంప ఊరడానికి, కాడ నిటారుగా నిలబడడానికి మిగతా రెండూ కావాలి. అందుకే మిద్దెతోటలవాళ్ళు వాడే 19-19-19ను లీటరు నీటికి మూడు గ్రాములు కలిపి నెలకు రెండుసార్లు పోస్తే చాలు. రసాయనాలు వద్దనుకునేవాళ్ళు నెలకోసారి గుప్పెడు వర్మీకంపోస్టు, కొంచెం ఎముకల పొడి, చిటికెడు కట్టెల బూడిద వేయవచ్చు. ఫలితం నెమ్మదిగా వస్తుంది, కానీ వస్తుంది. నీళ్ళు మాత్రం వేలు రెండు కణుపుల లోతు మట్టిలో గుచ్చి, పొడిగా తగిలితేనే పోయండి. మొగ్గల మీద గీతలు గీసినట్టు గోధుమరంగు మచ్చలు కనపడితే తామరపురుగు చేరినట్టు. లీటరు నీటికి ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, కొన్ని చుక్కల సబ్బునీళ్ళు కలిపి సాయంత్రం పిచికారీ చేయండి, వారం తర్వాత మళ్ళీ ఒకసారి.

6. కాడను కోసేది ఎప్పుడు, ఎక్కడ?

సెప్టెంబరులో ఒక ఉదయం ఆకుల నడుమ నుంచి వేలెడు లావు పచ్చటి మొలక ఒకటి నిటారుగా లేస్తుంది. ఆకు బల్లపరుపుగా ఉంటుంది, ఇది గుండ్రంగా ఉంటుంది, తేడా ఇట్టే తెలిసిపోతుంది. అక్కడి నుంచి నడుము ఎత్తు దాకా పెరిగి, కింది నుంచి పైకి జంటలు జంటలుగా మొగ్గలు తొడుగుతుంది. గాలివాటు మిద్దె మీదైతే ఆ దశలోనే పక్కన సన్నటి వెదురుబద్ద గుచ్చి వదులుగా కట్టండి. కోస్తాలో ఉన్నవాళ్ళకు అక్టోబరు, నవంబరు తుపాన్ల కాలం. గాలివాన హెచ్చరిక వస్తే విచ్చుకోవడం మొదలైన కాడలన్నీ ముందురోజే కోసి లోపలికి తెచ్చుకోవడం మంచిది.

‘కోయడం దేనికి, మొక్కకే ఉంచితే పోదా?’ అని కొందరికి మనసొప్పదు. ఈ పువ్వు విషయంలో ఆ బెంగ అక్కర్లేదు. ఫ్రాన్స్‌లోని గ్రాస్ పట్టణంలో అత్తరు తయారీదారులు పూర్వం మల్లెను, నేలసంపెంగను మరిగించేవాళ్ళు కాదు. కోసిన పూలను వాసనలేని కొవ్వు పూసిన గాజుపలకల మీద పరిచేవాళ్ళు. కోసిన తర్వాత కూడా ఈ రెండు పూలు గంటల తరబడి కొత్తగా సువాసన పుట్టిస్తూనే ఉంటాయి, ఆ కొవ్వు దాన్ని పీల్చుకుంటుంది. అంటే వాజులో పెట్టిన కాడ మీకు ఇచ్చే వాసన మిగిలిపోయినది కాదు, అప్పటికప్పుడు తయారవుతున్నది. రాత్రిపూట తిరిగే చిమ్మెటలను పిలవడానికి అలవాటుపడ్డ పువ్వు కాబట్టి, దీపాలు పెట్టే వేళ నుంచి ఆ వాసన పెరుగుతుంది. బజార్లో నాలుగు రూపాయలకు దొరికేదానికి ఇంత తాపత్రయం ఎందుకనేవాళ్ళకు నా సమాధానం కూడా ఇక్కడే ఉంది. బజారుకు వచ్చే విడిపూలను తెల్లవారుజామున మొగ్గలుగా ఉండగానే తెంపుతారు, గోనెల్లో కుక్కి, ఎండలో ఊళ్ళు దాటించి తెస్తారు. ఆ ప్రయాణంలో ఆ పువ్వు పడిన నలుగుడు మీ చేతికి వచ్చాక తీరేది కాదు. అడుగుదూరంలో కోసి నీళ్ళలో పెట్టిన కాడతో దాన్ని పోల్చి చూడండి.

కింద రెండు మూడు పూలు విచ్చుకోగానే కోయాలి. అన్నీ మొగ్గలుగా ఉండగా కోస్తే సగం తెరుచుకోవు, సగం పూలు విచ్చాక కోస్తే వాజులో రెండురోజులే. వేళ తెల్లవారి గానీ, చల్లబడ్డ సాయంత్రం గానీ. పక్కనే నీళ్ళ బకెట్టు పెట్టుకుని, పదునైన చాకుతో, నేలకు నాలుగువేళ్ళ ఎత్తున కోయండి. ఆకులను మాత్రం కాడతోపాటు కోయకండి, గుత్తి నిండుగా కనపడాలని ఆశపడ్డా సరే. ఆ ఆకులే వచ్చే ఏటి దుంపలకు తిండి పెట్టేవి. ఇంట్లోకి తెచ్చాక కాడ అడుగు మరో అంగుళం ఏటవాలుగా కోసి, లీటరు నీటికి రెండు టీస్పూన్ల పంచదార, నాలుగోవంతు టీస్పూను బట్టలకు వాడే బ్లీచింగ్ ద్రావణం కలిపి అందులో నిలబెట్టండి. పంచదార పైమొగ్గలను విచ్చుకునేలా చేస్తుంది. అది ఒక్కటే వేస్తే నీళ్ళు రెండోరోజుకే జిగటగా మారతాయి కాబట్టి బ్లీచింగ్ తప్పదు. రోజూ నీళ్ళు మార్చి, అడుగు అరంగుళం కోస్తూ, వాడిన కిందిపూలు తీసేస్తూ ఉంటే వారందాకా కాడ అందంగానే ఉంటుంది. పండుగకు దాచుకోవాలని ఫ్రిజ్‌లో రోజుల తరబడి పెట్టకండి, బయటికి తీశాక మొగ్గలు విచ్చుకోవు. తలుపులు మూసిన పడకగదిలో ఈ వాసన కొందరికి తలనొప్పి తెస్తుంది, హాల్లో కిటికీ దగ్గరైతే ఏ ఇబ్బందీ లేదు.

7. పూశాక వదిలేయకండి

అందరూ ఆపేసే చోటు ఇదే. కాడ కోసేశాం, పండుగ అయిపోయింది, ఇక కుండీకి నీళ్ళు గుర్తొచ్చినప్పుడే. కానీ వచ్చే ఏటి పువ్వు తయారయ్యేది సరిగ్గా ఈ నెలల్లో. తల్లిదుంప తన పని ముగించుకుంది, పిల్లలు ఊరాల్సిన సమయం ఇది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఆకు పచ్చగా ఉన్నన్నాళ్ళూ ఎండ, నీళ్ళు, నెలకోసారి ఎరువు ఆపవద్దు. పూలేమీ లేని మొక్కకు ఎరువు దండగ అనిపిస్తుంది. పూత మీదున్నప్పుడు వేసే ఎరువు కంటే ఇదే ఎక్కువ పనిచేస్తుంది. మార్చిలో ఆకు పండుబారడం మొదలైతే నీళ్ళు తగ్గించి, ఆపి, ఏడాదికోసారి కాకపోయినా రెండేళ్ళకోసారి తవ్వి విడదీయండి. కుండీల్లో ఏడాదికోసారి తవ్వడమే మంచిది.

అమెరికాలోనో కెనడాలోనో ఉన్న మన పిల్లలు ఈ మొక్క పెంచాలనుకుంటే ఇదే లెక్క మరో రకంగా వేసుకోవాలి. అక్కడి చలి ప్రాంతాల్లో వేసవి చిన్నది. మంచు పడటం ఆగాక నేలలో నాటితే పూతకు వచ్చేసరికి మళ్ళీ మంచు వచ్చేస్తుంది. అందుకని చివరి మంచుకు నెల, నెలన్నర ముందే ఇంట్లో ఎండ పడే కిటికీ దగ్గర కుండీల్లో మొలిపించి, రాత్రులు వెచ్చబడ్డాక బయటపెట్టాలి. అప్పుడు ఆగస్టు చివరి నుంచి అక్టోబరు దాకా పూలు చూడవచ్చు. మొదటి మంచుకు ముందే దుంపలు తవ్వి, ఆరబెట్టి, ఇంట్లో మామూలు గది వెచ్చదనంలోనే దాచాలి. గడ్డకట్టే గ్యారేజీలో దాచిన దుంప మళ్ళీ మొలవదు.

మళ్ళీ మన కుండీల దగ్గరకు వద్దాం. విడదీసిన పిల్లదుంపల్లో నాణేనికి సరితూగినవి నాలుగో ఐదో ఉంటాయి. మిగతా చిటికెనవేలంత పిల్లలను పారేయాలా? వద్దు. పూలకుండీల్లో కలపకుండా, పెరటి గోడవారనో పాత థర్మోకోల్ పెట్టెలోనో బెత్తెడు ఎడంతో వేరే వరుస నాటండి. ఆ ఏడాది వాటిని పూలడగకండి, ఎండా నీళ్ళూ ఎరువూ మాత్రం అందించండి. మరుసటి వేసవిలో తవ్వి మళ్ళీ నాణెం పక్కన పెట్టి చూడండి, అందినవి పూలకుండీలకు, అందనివి మళ్ళీ అదే వరుసకు. ఇలా రెండు వరుసలు నడిపితే మూడో ఏటి నుంచి మీరు దుంపలు కొనాల్సిన పని ఉండదు, అడిగినవాళ్ళకు ఇవ్వడానికీ మిగులుతాయి. ఇచ్చేటప్పుడు మాత్రం లావువే ఇవ్వండి.